ఐదు నుంచి వెనక్కి

చీకటి పడ్డాక ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ముందు నుంచి ఎవరూ ఒంటరిగా నడవరు. నడవక తప్పనివాళ్ళు పాట పాడుకుంటూ పోతారు. పాట రానివాళ్ళు దగ్గుకుంటూ పోతారు.

ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. ఐసు దిమ్మలు పోసే గుంటలు మాత్రం నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి. వాటి వెనక రేకుల షెడ్డు. షెడ్డులో ఒక పాత మిలటరీ లారీ. లారీ వెనక భాగంలో మనిషి కూర్చునేటంత ఇనప గది... దాన్ని వైర్లెస్సు గది అంటారు.

ఆ గదిలోనే, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఉండగానే, ఒక వైర్లెస్సు సిపాయి ప్రాణం వదిలాడట. డ్యూటీ దిగమని అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకని ఇంకా దిగలేదట!

పొద్దుపోయాక లోపల్నుంచి గొంతు వినబడేది. పెద్దగా కాదు. దుప్పటి ముసుగులోంచి ఎవరో మాట్లాడినట్టు —

"ఐదు... నాలుగు... మూడు... రెండు... ఒకటి..."

అంతే. మళ్ళీ నిశ్శబ్దం.

ఒకనాటి సాయంత్రం పాలవాడు ఆ షెడ్డు ముందు సైకిలు ఆపి క్యాన్లు లెక్క చూసుకున్నాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అన్నాడు. లోపల్నుంచి, వెంటనే, ఐదు నుంచి ఒకటి దాకా జవాబు వచ్చింది. పాలవాడు సైకిలు వదిలి పరిగెత్తాడు. పాలు కుక్కలు తాగాయి. ఆనాటి నుంచి వీధిలో ఒక మాట పుట్టింది — ఆ షెడ్డు దగ్గర ఒకటి నుంచి ఐదు దాకా ఎవరు పైకి లెక్కపెడితే, ఆ చచ్చిన సిపాయి డ్యూటీ వాళ్ళ నెత్తిన పడుతుందని.

ఒక ఏడాదిగా గొంతు వినబడలేదు. దానికి దెయ్యం పోయిందని సంతోషించాలి కదా? జనం అలా అనుకోరు. పొంచి ఉందన్నారు.

ఆ వీధి మలుపులో ఒక రేడియో మెకానిక్కు దుకాణం ఉంది. ఆయన్ని అందరూ రూలుకర్ర అనేవారు. వంగడు, వంకర పోడు, అబద్ధమాడడు, ఆడినవాణ్ణి వదలడు. మీసం కూడా స్కేలు పెట్టి గీసినట్టుండేది. రోజూ ఏ పని ఎన్నింటికి మొదలెట్టాడో, ఎన్నింటికి ముగించాడో ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. ముప్పై ఏళ్ళలో అందులో ఒక్క తప్పు మాట లేదని ఆయన గర్వం. గర్వపడదగ్గ విషయమే. కానీ గర్వం గర్వమే.

లారీ ఆయన మామగారిది. మామగారు మిలటరీలో ఆ లారీకే డ్రైవరు. ముసలితనంలో వేలంలో అది కనబడితే, విడిచిపెట్టలేక కొని తెచ్చుకుని షెడ్డులో పెట్టుకున్నాడు. ఇప్పుడాయనకి డెబ్భై ఎనిమిది. మోకాళ్ళు అరిగిపోయాయి. మీసం మాత్రం అరగలేదు — రెండు చెంపల మీదా రెండు పిల్లితోకల్లా ఉండేది.

"ఇంకో రెండున్నర నెలలకి, ఒక ఆదివారంనాడు, పాత సిపాయిలంతా కలుస్తున్నాం" అన్నాడు ఒకరోజు కొడుకునీ, అల్లుణ్ణీ పిలిచి. "లారీ తన కాళ్ళ మీద తను రావాలి. వైర్లెస్సు సెట్టు తన నోటితో తను మాట్లాడాలి. వచ్చే ఏడాదికి ఎవరం ఉంటామో, ఎవరం ఊడతామో. నాకు ఇంకేమీ వద్దు."

కొడుకు లారీ మెకానిక్కు. ఇంజను పని అతను చూశాడు. వైర్లెస్సు పని అల్లుడు తీసుకున్నాడు.

ఆ లారీలో ఉన్నవి జత సెట్లు. పెద్దది లారీలో బిగించినది, చిన్నది వీపున మోసుకుపోయేది. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా కట్టినవి. రూలుకర్ర ముందుగా చిన్నదాన్ని బాగుచేసి పెట్టాడు. మామగారు దాన్ని తన మంచం పక్కన పెట్టించుకున్నాడు.

"బ్యాటరీ ఉండదు మావయ్యా, ఊరికే బొమ్మలా చూసుకోవాలి" అన్నాడు అల్లుడు.

"చూసుకోడానికే" అన్నాడు మామ.

పెద్ద సెట్టుకి రెండు నెలలు పట్టాయి. ఎలుకలు కొరికిన తీగలు మార్చాడు. ఎండిపోయిన కండెన్సర్లు తీసి కొత్తవి పెట్టాడు. గాజు వాల్వుల కాళ్ళకి పట్టిన చిలుము ఒక్కొక్కటే గీకాడు. ఇక మిగిలింది పరీక్ష. ఆదివారానికి నాలుగు రోజులుంది.

"రేపు రాత్రి ఎనిమిదిన్నరకి సెట్టు టెస్టు చేస్తాను" అన్నాడు టీ కొట్టులో.

గ్లాసులు గాల్లో ఆగిపోయాయి.

"పగలు చెయ్యరాదూ బావా?" అన్నాడు బావమరిది.

"పగలు పక్కన వెల్డింగు షాపు నడుస్తుంది. వాడు ఒక్క రవ్వ లేపితే నా సెట్టులో పిడుగులు పడతాయి. ఏం వినబడుతుంది?"

వెల్డరు అక్కడే ఉన్నాడు. "మేస్త్రీ, కావాలంటే ఒకరోజు షాపు మూస్తాను గానీ, రాత్రిపూట అందులోకి పోకండి" అన్నాడు.

"నా పని కోసం నీ పని మానిపించడమా? తప్పు."

"ఒక్కడివే వెళ్తావా బావా?"

"దెయ్యం ఉంటే ఇద్దరం."

అందరూ నవ్వారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నలుగురు నవ్వితే నాలుక ఆగదు. రూలుకర్ర మీసం మీద వేలు పెట్టాడు.

"వినండర్రా. దెయ్యమన్నది లేదు, ఉన్నది పిరికితనం. నేను భయపడి, పని మధ్యలో ఆ షెడ్డు వదిలి బయటికొస్తే — సగం మీసం తీసేసుకుని ఆదివారం అందరి ముందూ నిలబడతాను."

"ఏ సగం? ఎడమా, కుడా?" అన్నాడు బావమరిది.

"నీ ఇష్టం."

"ఎడమ. గుండె అటే ఉంది కదా, ముందు జారేది అదే" అన్నాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "బావా, నీ దగ్గర పాత బ్యాటరీ ఏదైనా ఉంటే ఇటు పడెయ్యి. నా మోటారు సైకిలు బ్యాటరీ నాన్న అడిగి పుచ్చుకున్నాడు. కరెంటు పోతే లైటుకట" అన్నాడు.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. రూలుకర్ర కూడా పట్టించుకోలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆయన షెడ్డు తాళం తీశాడు.

పగలంతా కాగిన రేకులు చల్లబడుతూ టక్కు... టక్కు... మంటున్నాయి. ఐసు గుంటల్లోంచి చెమ్మ వాసన. టార్చి వేసుకుని లారీ ఎక్కి, నోటుబుక్కు తీసి రాశాడు — '8.30. పని మొదలు.'

ఈ పనిలో ఒక మర్యాద ఉంది. సరిగ్గా ఉందో లేదో తెలియని సెట్టుతో గాల్లోకి మాట వదలకూడదు. అది ఇతరుల మాటలకి అడ్డుపడుతుంది. అందుకని మాటని గాల్లోకి పంపే ఏరియల్ తీగని పీకేసి, దాని స్థానంలో ఒక బల్బు కడతారు. మైకులో మాట్లాడితే బల్బు వెలుగుతుంది. గొంతు పెరిగితే వెలుగు పెరుగుతుంది. సెట్టు బలమంతా బల్బులోనే కాలిపోతుంది. 'బల్బు వెలిగిందంటే మాట బూడిదైనట్టే, గడప దాటదు' అని ఆయన దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. సెట్టు మీదే బల్బు కడితే ఇనప అర అడ్డొచ్చి, కూర్చున్న చోటికి కనబడటంలేదు. ఒక పొడవాటి తీగ వేసి, బల్బుని తలుపు పైన కొక్కేనికి వేలాడదీశాడు. ఇప్పుడు కంటికి ఎదురుగా ముచ్చటగా ఉంది.

స్విచ్చి వేశాడు.

లోపల మోటారు కదిలింది. ముందు మూలిగింది... తర్వాత సన్నగా ఏడుపు ఎత్తుకుంది. వాల్వులు ఒక్కొక్కటే ఎర్రగా కళ్ళు తెరిచాయి. ఆయన హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. చెవుల్లో సన్నని హోరు. వానకి ముందు చెట్లల్లో వినబడేలాంటిది.

మైకు చేతిలోకి తీసుకున్నాడు. సెట్టు పరీక్షకి ఒక పద్ధతి ఉంది, ఎక్కడైనా అదే — ఒకటి నుంచి ఐదు దాకా మెల్లగా, స్పష్టంగా లెక్కపెట్టాలి.

ఒకటి నుంచి... ఐదు దాకా.

చిన్నగా దగ్గాడు. అది దుమ్ము వల్ల అని ఆయన తనకి తనే చెప్పుకున్నాడు. 'ఆరు దాకా లెక్కపెడితే ఏం పోయింది?' అని కూడా ఒక ఆలోచన వచ్చింది. పద్ధతి పద్ధతే. మీట నొక్కాడు.

"ఒకటి."

బల్బు వెలిగింది.

"రెండు... మూడు... నాలుగు..."

అంకె అంకెకీ ఇనప గోడ మీద ఆయన నీడ పెద్దదై, చిన్నదై, మళ్ళీ పెద్దదవుతోంది.

"ఐదు."

మీట వదిలాడు. చీకటి. హోరు.

రేకు టక్కుమంది.

అప్పుడు... చెవిలో... ఎవరో గుటక మింగిన చప్పుడు.

"ఐదు..."

రూలుకర్ర కదల్లేదు.

"...నాలుగు... మూడు... రెండు..."

గుసగుసే. కానీ చెవిలోకి నోరు పెట్టి చెప్పినంత దగ్గరగా ఉంది.

"...ఒకటి."

ఆయన టార్చి ఎత్తి ఏరియల్ పెట్టే చోటు చూశాడు. ఏరియల్ లేదు. తన చేత్తో తనే పీకి సంచిలో పెట్టాడు. మాట బయటికి పోదు. లోపలికి రాదు. మరి ఈ మాట... లోపలే ఉన్నదా?

హెడ్‌ఫోను తీశాడు. షెడ్డంతా నిశ్శబ్దం. మళ్ళీ పెట్టుకున్నాడు. మీట నొక్కి, "ఎవరది?" అన్నాడు. అన్నాననుకున్నాడు. వచ్చింది గాలి మాత్రమే. బల్బు కూడా భయపడినట్టు మిణుక్కుమంది.

మళ్ళీ హోరు. తర్వాత —

"వచ్చావా?"

...

"ఇన్నాళ్ళకి వచ్చావా? ఉండు. బూట్లు వేసుకుంటున్నా... వస్తున్నా."

వైర్లెస్సు గది తలుపుకి మూడు మెట్లుంటాయి. ఆ రాత్రి రూలుకర్ర వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

ఇంటి దగ్గర భార్య తలుపు తీసి ఆయన కాళ్ళ వంక చూసింది.

"చెప్పు ఒకటే ఉందేమిటండీ?"

"తెగింది."

"తెగితే చేత్తో పట్టుకు రావాలి గానీ..."

"నిద్రొస్తోంది" అన్నాడు. నిద్ర రాలేదు. ముప్పై ఏళ్ళలో ఆయన ఆడిన మొదటి అబద్ధం తెగిన చెప్పు. రెండోది నిద్ర. అబద్ధం ఒంటరిగా కాపురం చెయ్యదు, చుట్టాల్ని పిలుచుకుంటుంది.

తెల్లారకముందే లేచి షెడ్డుకి వెళ్ళాడు. ఎవరూ లేరు. చెప్పు ఐసు గుంట అంచున పడి ఉంది. రాత్రంతా సెట్టు తిరిగి తిరిగి బ్యాటరీ చచ్చింది. స్విచ్చి కట్టకుండా వెళ్ళినవాణ్ణి దుకాణం మెట్టు ఎక్కనివ్వని మనిషి ఆయన. చుట్టూ చూసి స్విచ్చి కట్టాడు. బ్యాటరీ మార్చాడు. నోటుబుక్కు తీశాడు. పెన్ను కాసేపు కాగితం మీద ఆగింది.

'9.10. పరీక్ష పూర్తి. స్విచ్చి కట్టి, తాళం వేసి ఇంటికి వెళ్ళాను' అని రాశాడు.

టీ కొట్టులో అందరూ ఆయన మీసం వంకే చూస్తున్నారు.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు వెల్డరు.

"ఏమవుతుంది?" అన్నాడు రూలుకర్ర. మీసం మీద వేలు వెయ్యబోయి, ఎందుకో మానేశాడు.

అంతలో బావమరిది పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"బావా, తొందరగా రా. నాన్న వరస బాలేదు. రాత్రి నుంచి అన్నం ముట్టలేదు, మాత్రలు వేసుకోనంటున్నాడు. మంచం మీద కూర్చుని... బూట్లు విప్పడంలేదు."

"ఏమిటి విప్పడంలేదు?"

"బూట్లు బావా! మిలటరీ బూట్లు."

రూలుకర్ర చేతిలో గ్లాసు బల్ల మీద చప్పుడు చేస్తూ కూర్చుంది.

షెడ్డు వెనక గోడ దాటితే నాలుగో ఇల్లు మామగారిది. అప్పటికే రూలుకర్ర భార్య అక్కడ ఉంది. తండ్రి పక్కన కంచం పట్టుకుని నిలబడింది.

"రెండు ముద్దలు తిను నాన్నా. తినకుండా మాత్రలు వేస్తే కడుపు మండిపోతుంది."

"ప్రయాణానికి కడుపు తేలిగ్గా ఉండాలమ్మాయ్."

ముసలాయన ఇస్త్రీ చొక్కా తొడిగి, తలకి టోపీ పెట్టి, బూట్లకి తాళ్ళు బిగించి, నిటారుగా కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర ట్రంకు పెట్టె సర్ది ఉంది. మంచం పక్కన చిన్న సెట్టు. దాని వెనక, తుండుగుడ్డ కింద సగం దాగి... మోటారు సైకిలు బ్యాటరీ.

"రా అల్లుడూ, కూర్చో. నాకు పిలుపొచ్చింది. ఆదివారం దాకా ఆగను. మీరు లారీని మీసాలకి రంగేసినట్టు ముస్తాబు చేసి తీసుకెళ్ళండి."

"ఎవరు పిలిచారు మావయ్యా?"

"వాడే. మా వైర్లెస్సు వాడు."

రూలుకర్ర భార్య కంచం కింద పెట్టింది. "లారీలో చచ్చిపోయాడే, ఆయనా?"

"లారీలోనా?" ముసలాయన మొహం చిట్లించాడు. "ఎవడు చెప్పాడు? వాడు పెళ్ళి చేసుకుని, ఐదుగురు పిల్లల్ని కని, బట్టల కొట్టు పెట్టి, చక్కెర జబ్బుతో మంచం మీద పోయాడు. ఆరేళ్ళ కింద. నాకు ఉత్తరం వచ్చింది."

ఆయన చెప్పిన సంగతి ఇది. కుర్రతనంలో ఇద్దరూ ఒకే లారీ మీద పనిచేశారు. ఒకే కంచంలో తిన్నారు. చలి రాత్రి ఒక దుప్పటి కోసం తగాదా పడ్డారు — ఉన్నది ఒకటే దుప్పటి, ఇద్దరివీ పొడుగు కాళ్ళు. మర్నాడు సాయంత్రం డ్రైవరు చిన్న సెట్టు మోసుకుని గుట్ట మీదికి వెళ్ళాడు. కింద లారీలోంచి వైర్లెస్సువాడు పద్ధతి ప్రకారం ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టాడు. వినబడినవాడు ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి — నీ మాట అందింది అని దాని అర్థం.

"నేను లెక్కపెట్టలేదు. అలిగాను. వాడు మూడుసార్లు పిలిచాడు అల్లుడూ. మూడోసారి గొంతు బతిమాలినట్టుంది. అయినా ఉలకలేదు. తెల్లారేసరికి వాడికి బదిలీ వచ్చి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు."

ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వాడు పోయాడని తెలిశాక మనసొప్పలేదు. అన్నం తిన్నాక నడకకని చెప్పి షెడ్డులోకి వెళ్ళేవాణ్ణి. వాడి చోట్లో కూర్చుని, ఇవ్వాల్సిన జవాబు ఇచ్చేవాణ్ణి. ఐదు, నాలుగు, మూడు..."

"నాన్నా!" అన్నాడు కొడుకు. "ఆ గొంతు నీదా?"

"నాది కాక?"

"మరి పాలవాడు?"

"వాడు బయట ఒకటి రెండు మూడు అన్నాడు. అలవాటైన నోరు, ఊరుకుంటుందా?"

"ఊరంతా దెయ్యం, దెయ్యం అని చస్తుంటే చెప్పవేం?"

"దెయ్యం ఉందన్నారు కాబట్టే ఆరేళ్ళలో ఆ లారీ నుంచి ఒక్క నట్టు కూడా పోలేదు. నువ్వు కాపలా పెట్టావా?"

కొడుకు తల గోక్కున్నాడు.

"ఏడాదిగా మోకాళ్ళు రానివ్వలేదు. చిన్న సెట్టు బాగయ్యాక మంచం మీదే పెట్టుకుని, మీరంతా పడుకున్నాక గుసగుసగా జవాబిచ్చుకుంటున్నా. నిన్న రాత్రి..." ముసలాయన గొంతు తగ్గింది. "నిన్న రాత్రి వాడే పిలిచాడు. ఒకటి నుంచి ఐదు. చెవిలో చెప్పినట్టు. గొంతు కొంచెం మారింది. చచ్చాక మారుతుంది కాబోలు. జవాబిచ్చాను. ఇక తీసుకుపోతాడు."

రూలుకర్రకి కళ్ళ ముందు బల్బు వెలిగింది. దాని వెనక తీగ. తలుపు దాకా లాగిన తీగ. పన్నెండు అడుగుల తీగ.

ఏరియల్ పీకేశానని మురిసిపోయాడు. చూడ్డానికి సుఖంగా ఉంటుందని బల్బుకి పన్నెండు అడుగుల తీగ కట్టాడు. ఆ తీగే ఏరియల్ అయింది. ఊరు దాటే బలం దానికి లేదు. నాలుగు ఇళ్ళ అవతలికి పోయే బలం ఉంది. పోయిన దారినే జవాబు తెచ్చే బలమూ ఉంది. ముప్పై ఏళ్ళ పనివాడు, పనిలో చేరిన మొదటిరోజు నేర్చుకునే సంగతి మరిచాడు.

ఇప్పుడు చెప్పాలి. కానీ ఎంత చెప్పాలి?

'ఆ గొంతు నాదే మావయ్యా' అంటే చాలు. ముసలాయన అన్నం తింటాడు. అంతవరకూ నిజమే. మిగతాది ఎవరూ చూడలేదు. నోటుబుక్కులో వేరే రాసి ఉంది. ఆదివారం రెండు రోజుల్లో ఉంది. బావమరిది పక్కనే నిలబడి ఉన్నాడు.

సగం నిజం చాలా తియ్యగా ఉంటుంది. అందుకే దానికి చీమలు తొందరగా పడతాయి.

"మావయ్యా" అన్నాడు. "రాత్రి లెక్కపెట్టింది నేను. సెట్టు పరీక్ష చేస్తూ."

ముసలాయన తల తిప్పాడు.

"బల్బుకి తీగ ఎక్కువ వేశాను. అదీ తప్పే. మీ జవాబు నాకు వినబడింది. బూట్లు వేసుకుని వస్తున్నానన్నారు. అప్పుడు నేను..." ఒకసారి బావమరిది వంక చూశాడు. "నేను పారిపోయాను. మెట్లు దిగలేదు, దూకాను. స్విచ్చి కట్టలేదు. బ్యాటరీ చంపాను. పొద్దున్న అన్నీ బాగానే జరిగాయని నోటుబుక్కులో రాశాను. చెప్పు తెగలేదు" అని భార్య వైపు తిరిగి ఆ మాట కూడా చేర్చాడు.

"అది నాకు తెలుసు" అంది భార్య. "తెగిన చెప్పు తెల్లారేసరికి దానంతటదే అతుక్కుని కాలికి వస్తుందా?"

బావమరిది గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగురుతున్నాయి.

ముసలాయన మాత్రం నవ్వలేదు. చిన్న సెట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"అయితే... వాడు కాదన్నమాట."

"కాదు మావయ్యా."

ముసలాయన ఒక బూటు తాడు విప్పాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నా జవాబు సరిగ్గా అందిందా?"

"ఒక్క అంకె కూడా పోలేదు."

"ఐదు నుంచి ఒకటి దాకా?"

"ఐదు నుంచి ఒకటి దాకా. మీరు గుటక మింగింది కూడా వినబడింది."

"అంతే చాలు. ఆ లారీలోంచి పిలుపు వచ్చింది. ఈసారి నేను జవాబిచ్చాను" అన్నాడు ముసలాయన. "అమ్మాయ్, కంచం ఇలా తే. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి."

ఆయన మూడో ముద్దలో ఉండగా బావమరిది ఎక్కడి నుంచో కత్తెర, రేజరు, అద్దం తెచ్చి పళ్ళెంలో పెట్టి బావ ముందు ఉంచాడు.

"ఎడమ" అన్నాడు వినయంగా. "తొందరేం లేదు బావా. టీ తాగి తీసుకో."

రూలుకర్ర అద్దం అందుకున్నాడు. మూడు నిమిషాల్లో ఎడమ సగం పళ్ళెంలో ఉంది. భార్య ఆయన్ని చూసి, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. అక్కడ గిన్నెలు పడిన చప్పుడైంది. ఆమె వెనకే బావమరిది భార్య నవ్వు కూడా వినబడింది.

"ఆ పళ్ళెం ఇటు పెట్టు అల్లుడూ" అన్నాడు మామగారు, చెయ్యి కడుక్కుంటూ.

"ఎందుకు మావయ్యా?"

"నువ్వు మొత్తం చెప్పావు. నేను సగమే చెప్పాను." ముసలాయన కిందికి చూశాడు. "బూట్లు వేసుకున్నది వాడితో వెళ్ళడానికి కాదు."

"మరి?"

"పారిపోవడానికి. వస్తున్నా, వస్తున్నా అని వాణ్ణి మాటల్లో పెట్టి, వెనక తలుపు దాకా పోయాను. మోకాళ్ళు సాగలేదు. ఎలాగూ దొరికిపోతాను కదా, సిపాయిలా దొరుకుదామని వచ్చి ఇలా కూర్చున్నాను. ఇన్నేళ్ళు జవాబులిచ్చాను గానీ, నిజంగా పిలుపు వినబడేసరికి ప్రాణం ఎగిరిపోయింది!"

కొడుకు కెవ్వుమన్నాడు. "నాన్నా, ఆ మీసం యాభై ఏళ్ళది!"

"భయపడ్డం తప్పు కాదురా. భయపడి, మీసం దువ్వుకుంటూ తిరగడం తప్పు. కుడివైపు తియ్యి అల్లుడూ. ఎడమ నువ్వు తీసేశావు, మళ్ళీ అదే అంటే బాగుండదు."

ఆ సాయంత్రం రూలుకర్ర నోటుబుక్కు తెరిచి పొద్దుటి వాక్యం కొట్టేశాడు. కింద రాశాడు — '9.10. భయపడి పారిపోయాను. సెట్టులో తప్పు లేదు. తప్పు తీగ పొడవులో ఉంది, కొంత నాలో ఉంది.'

ఆదివారం లారీ తన కాళ్ళ మీద తనే వచ్చింది. ఈసారి అసలు ఏరియల్ బిగించారు. గది పైన చిన్న లౌడు స్పీకరు కట్టారు. మైదానం అవతలి చివర కుర్చీలో మామగారు చిన్న సెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాత సిపాయిలంతా లారీ చుట్టూ మూగారు.

రూలుకర్ర మీట నొక్కి ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టాడు.

గుసగుసగా కాదు. మైదానం అదిరేలా వచ్చింది జవాబు —

"ఐదు! నాలుగు! మూడు! రెండు! ఒకటి!"

రోడ్డు మీద సైకిలు పడిన చప్పుడు వినబడింది. పాలవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అందరూ చప్పట్లు కొడుతుంటే మామా అల్లుళ్ళని లారీ ముందు నిలబెట్టారు. ఒకరికి కుడి సగం, ఒకరికి ఎడమ సగం. ఇద్దరూ మొహాలు బిగించుకుని, రూలుకర్రల్లా నిలబడ్డారు. ఫోటో తీసేవాడు కెమెరాలోంచి కాసేపు చూసి, తల పైకెత్తాడు.

"ఇంకొంచెం దగ్గరికి జరగండి సార్..." అన్నాడు. "మీసం కలవటంలేదు."